రెండో దెబ్బ

గోటి కింద ఇరుక్కున్న రక్తం ఎవరిదో ఆమెకు తెలియదు. ఆసుపత్రి వరండా చివర కొళాయి దగ్గర చేతులు కడుక్కుని వచ్చింది, మళ్ళీ వెళ్ళి కడుక్కుంది, సబ్బు అరిగేదాకా రుద్దింది, అయినా కుడిచేతి చూపుడువేలి గోటి కింద సన్నటి నల్లగీతలా అది అలాగే ఉండిపోయింది. తన విద్యార్థికి పన్ను విరిగినప్పటిదా, వాడి అక్క పెదవి చిట్లినప్పటిదా, లేక ఇదే ఆసుపత్రిలో పై అంతస్తులో తలకి కుట్లు వేయించుకుంటున్న ఆ చికిత్సాకేంద్రం డైరెక్టరుదా? ఏళ్ల తరబడి కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతున్న మనిషి, చీమ కుడితే దులిపి వదిలేసే మనిషి, ఇవాళ మిట్టమధ్యాహ్నం ఒక మగవాడి మీద ఇనుప స్టూలు ఎత్తి కొట్టింది. చెయ్యి ఇంకా వణుకుతోంది. భయంతో అయితే బాగుండేది. అది భయం కాదని ఆమెకు తెలుసు, బరువైన పని పూర్తిచేసిన చెయ్యి వణికినట్టు వణుకుతోంది, ఆ వణుకులో ఎక్కడో అడుగున ఒక హాయి ఉంది.

ఎదురుగా పాలరంగు అద్దాల తలుపు. దాని వెనక ఆ విద్యార్థి అక్క. మొహానికి ఆక్సిజన్ పెట్టామని, ఊపిరి తీసుకుంటోందని, కానీ మెదడుకి గాలి అందని ఆ కాసేపట్లో ఏమైందో లేచేదాకా చెప్పలేమని డాక్టరు చెప్పి వెళ్ళింది. లేస్తే అన్న మాట ఆవిడ వాడలేదు, లేచేదాకా అంది, ఆ ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నారు ముగ్గురూ. పక్కనే కుర్చీలో ఆమె విద్యార్థి, నోట్లో దూది కుక్కుకుని, చొక్కా ముందంతా ఎర్రగా ఎండిపోయి అట్టకట్టుకుపోయి. వాడి మొహం చూస్తే క్లాసులో వాడికి పెట్టిన పేరు గుర్తొచ్చి, ఈ సమయంలో రాకూడని నవ్వు గొంతు దాకా వచ్చి ఆగింది. సందేహం అనేవాళ్ళు వాణ్ణి. వాడు ఆలస్యంగా తలుపు తోసుకుని వస్తే, అదిగో మేడమ్, సందేహం వచ్చింది అని వెనక బెంచీలు గోల. ఆమెకీ ఒక పేరుంది, ఆమెకి తెలియదనుకుంటారు కానీ తెలుసు, పద్ధతులమ్మ. ఏ పరిశోధన చేతికిచ్చినా ముందు పద్ధతుల విభాగం చదవండి అంటుంది కాబట్టి పద్ధతులమ్మ. వరండా అవతలి చివర, వీళ్ళిద్దరికీ దూరంగా, గోడవైపు తిరిగి కూర్చున్న పెద్దావిడ సందేహం తల్లి. కొడుకు ఆవిడవైపు చూడడు. ఆవిడ ఎవరివైపూ చూడదు.

ఫినాయిల్ వాసన. స్ట్రెచరు ఒకటి వెళుతోంది, ఒక చక్రం సరిగ్గా తిరగక టకటకమని నేలని కొడుతూ వెళుతోంది, టకటక, టకటక, ఆ చప్పుడు వద్దు, ఇంకేదైనా ఆలోచించాలి, క్లాసు, అవును, క్లాసు. ఏటా మొదటిరోజు ఆమె పాఠ్యపుస్తకం తెరిచి ఒక వాక్యం చదివించేది, ఈ మాట ఎవరన్నారు అని అడిగేది, పుస్తకమే అంది మేడమ్ అనేవాళ్ళు పిల్లలు, పుస్తకానికెవరు చెప్పారు అని అడిగేది. అప్పుడు మూల వ్యాసం ఇచ్చేది, పరిశోధన చేసినవాళ్ళు తమ చేత్తో రాసుకున్నది, మధ్యలో ఇంకెవరూ ఉప్పూకారం కలపనిది. అంకెల పట్టికలు చూసి ఒకమ్మాయి నిజంగానే ఏడ్చింది ఒక ఏడు. సారాంశం అంటే దుకాణం ముందు అద్దాల బీరువా అమ్మా, అమ్మేవాడు ఏది చూపించాలనుకుంటే అదే పెడతాడు, మీరు వెనక గోడౌన్లోకి వెళ్ళండి అని చెప్పేది. ఎవర్ని కొలిచారు, దేంతో కొలిచారు, కొలిచిందెవరు, మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళెవరు. పేపరు ముందు చేతులు కట్టుకుని నిలబడకండి, గల్లా పట్టుకుని అడగండి అనేది. గల్లా పట్టుకోవడం అంటే ఏమిటో అప్పటికి ఆమెకి తెలియదు. మనిషి గల్లా పట్టుకుంటే గుండీలు తెగి నేలమీద పడి దొర్లుతాయని, పిడికిలికి వాడి మెడ వెచ్చగా తగులుతుందని ఇవాళే తెలిసింది.

ఆ కేంద్రం రంగుల కరపత్రం క్లాసుకి తెచ్చింది సందేహమే. మొండి కోపాలకు, అరుపులకు, తనను తాను కొట్టుకునే అలవాటుకు పరిశోధనలో రుజువైన బిగింపు చికిత్స అని పెద్ద అక్షరాలు, కింద చిన్న అక్షరాల్లో ఒక వ్యాసం పేరు. రోగిని కదలకుండా నేలకి అదిమిపట్టి ఉంచితే లోపలి కోపమంతా బయటికి కక్కేసి చివరికి ప్రశాంతత వస్తుందట. మంచి అభ్యాసం దొరికిందని ఆమె సంతోషించింది. అప్పుడు సంతోషించింది, ఆ సంగతిప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది. లైబ్రేరియన్ ఎక్కడెక్కడో రాసి ఆ పాత వ్యాసం తెప్పించాడు, క్లాసంతా దానిమీద పడింది. పట్టుమని పదిమంది లేరు అందులో. పోల్చి చూడటానికి మరో గుంపే లేదు. ప్రశాంతతని కొలిచింది పట్టుకున్న మనిషే. ఎలా కొలిచాడంటే, రోగి పెనుగులాడటం మానేస్తే ప్రశాంతంగా ఉన్నట్టు. అప్పుడు లేచాడు సందేహం, మామూలుగా లేచినట్టే, జుట్టు చెవుల వెనక్కి తోసుకుంటూ. "మేడమ్, ఈ కొలత ప్రకారం ఊపిరి ఆగిపోయినవాడికి నూటికి నూరు మార్కులు రావాలి కదా?" క్లాసంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా నవ్వింది. బోర్డు మీద వాడి వాక్యం రాసి కింద గీత కూడా గీసింది. అందరూ వెళ్ళిపోయాక వాడు బల్ల దగ్గర నిలబడి, మా అక్కని అక్కడికే తీసుకెళ్తున్నారు మేడమ్, ఇప్పటికి రెండుసార్లయింది అన్నాడు. సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు, గోడల నిండా పాత పరుపుల స్పాంజి ముక్కలు అతికించి ఉన్నాయి, తల బాదుకున్నా దెబ్బ తగలకుండా. అక్క కిటికీ దగ్గర నేలమీద కూర్చుని మడమలతో నేలని కొడుతూ తాళం వేస్తోంది, టకటక, టకటక, మాటలు రాని ఆ పిల్లకి అదే మాట, సంతోషంగా ఉంటే ఒకలా, ఆకలేస్తే ఒకలా, తమ్ముడు వస్తే మరొకలా. వాడు కూడా చెప్పులు విప్పి మడమతో జవాబిచ్చాడు. పెద్దపిల్ల, పాతికేళ్ళు దాటిన బలమైన పిల్ల, కోపమొస్తే తల్లి జుట్టు పట్టుకుని ఈడ్చేది. ఆమె వ్యాసం బల్లమీద పరిచి, నెమ్మదిగా, మొదటి ఏడాది పిల్లలకి చెప్పినట్టు చెప్పుకొచ్చింది. తల్లి అంతా విన్నది. విని, మెడ మీది బట్ట కొంచెం పక్కకి లాగి చూపించింది, పంటిగాట్లు, కొత్తవీ పాతవీ. "మీ కాగితాలు రాత్రిపూట వచ్చి దీన్ని పట్టుకుంటాయా మేడమ్?" అంది. రెండుసార్లు అక్కడికి వెళ్ళొచ్చాక పిల్ల రెండ్రోజులు నోరెత్తకుండా పడుకుందని, తనకూ కునుకు పట్టిందని, నిద్రంటే ఎలా ఉంటుందో మర్చిపోయానని ఆవిడ చెబుతుంటే ఆమె వ్యాసాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. గుమ్మం దాటుతూ ఒక్కటే అడిగింది, ఈసారి నేనూ వస్తాను, చూడనివ్వండి అని.

డైరెక్టరు మర్యాదస్థుడు. ఇవాళ వీళ్ళు వెళ్ళగానే ఎదురొచ్చి తలుపు తీశాడు, మీలాంటి చదువుకున్నవాళ్ళు రావడం మా అదృష్టం అన్నాడు, ఒడ్డున కూర్చుని ఈత పుస్తకం చదివితే సరిపోదు కదండీ, చూడండి అంటూ తనే ఒక ఇనుప స్టూలు తెచ్చి గోడ పక్కన వేశాడు. ఆ పేపరు నేనూ చదివానన్నాడు. చివరిదాకానా అని ఆమె అడిగితే, సారం తెలిస్తే చాలదా అని నవ్వాడు. నేలమీద నీలం చాప. ఇద్దరు సహాయకులు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచినవాళ్ళు. తల్లి లోపలికి రానంది, బయట వరండాలో చెవులు మూసుకుని నిలబడింది. పిల్లని బోర్లా పడేశారు, పడటంలో పెదవి చిట్లింది. ఒకడు కాళ్ళమీద, ఒకడు చేతులమీద, డైరెక్టరు తన ముంజేయి అడ్డంగా వెన్ను మీద పెట్టి ఒళ్ళంతా దానిమీద వాల్చాడు. ఆ కేక. గది గోడలు పగిలిపోతాయనిపించిన కేక, దాన్లో మాట లేకపోయినా పిలుపుంది, తమ్ముణ్ణే పిలిచిందది, మడమలు నేలని కొడుతున్నాయి టకటక టకటక టకటక. వాడు ముందుకి దూకాడు, చేతులమీద ఉన్నవాడు ఒక చెయ్యి వదిలి పిడికిలితో నోటిమీద గుద్దాడు, పన్ను విరిగిన చప్పుడు ఎండుపుల్ల విరిగినట్టు వినిపించింది. ఆమె స్టూలుమీద నుంచి లేచి, ఆపండి, ఆ పిల్ల ఊపిరి తీసుకోలేకపోతోంది అంది, మళ్ళీ అంది, ఇంకా గట్టిగా అంది. డైరెక్టరు తల తిప్పకుండా, అరుపు బయటికి రావాలండీ, పూర్తిగా రానివ్వండి అన్నాడు. కేక సన్నబడింది. సన్నబడి బుసలా అయింది. మడమలు కొట్టాయి, ఆగాయి, ఒకసారి కొట్టాయి, ఆగిపోయాయి. డైరెక్టరు మొహం చెమటతో మెరుస్తోంది, గెలిచినవాడి మొహం, ఆమెవైపు చూసి అన్నాడు, "చూశారా, శాంతించింది."

చూశావా, బుద్ధొచ్చింది. అది నాన్న గొంతు. నాన్న కూడా మర్యాదస్థుడే, ఊరందరికీ ఉత్తరాలు రాసిపెట్టే మనిషి, చేతిలో బెల్టు ఉన్నప్పుడు కూడా గొంతు పెంచేవాడు కాదు. అన్నయ్య గది తలుపు వేసి ఉండేది, లోపల దెబ్బ, కేక, దెబ్బ, కేక, వంటింట్లో అమ్మ ఖాళీ మిక్సీ వేసేది, గిన్నెలో ఏమీ లేకుండా అది గుర్రుమని తిరిగేది, కేక వినపడకూడదని. ఆమెకి తొమ్మిదేళ్ళు, తలుపు బయట నేలమీద కూర్చుని ఎక్కాలు వల్లించుకునేది. తర్వాత లోపల కేక ఆగేది, దెబ్బలు కాసేపు ఒంటరిగా వినపడేవి, అవీ ఆగేవి. అమ్మ మిక్సీ ఆపేది. నాన్న బయటికొచ్చి బెల్టు చుట్ట చుడుతూ అమ్మతో ఆ మాట అనేవాడు. అందరూ అన్నానికి కూర్చునేవాళ్ళు, అన్నయ్య కూడా, తల వంచుకుని, పెట్టింది పెట్టినట్టు తినేసి. ఎంత మంచి పిల్లాడు అనేవాళ్ళు చుట్టాలు, నోట్లో వేలు పెడితే కొరకలేడు. ఆ అన్నయ్య ఇప్పుడు ఫోన్ చేస్తే వాన పడిందా, ఎండలెలా ఉన్నాయి అని అడుగుతాడు, అంతకు మించి ఒక్క మాట రాదు, ఏ సంతోషమూ చెప్పడు, ఏ నొప్పీ చెప్పడు, పెళ్ళాం వదిలేసి పోయిన సంగతి కూడా మూడోవాళ్ళు చెబితే తెలిసింది. మనసు గురించి ఆమె చదువుకోవడానికి కారణం అడిగితే ఇంటర్వ్యూల్లో చాలా మంచి జవాబులు చెప్పింది. ఏ జవాబులోనూ ఆ తలుపు లేదు.

నీలం చాప మీద పక్కకి తిరిగిన పిల్ల పెదవి ఆమెకి కనిపించింది, అది చాప రంగులోకి మారుతోంది. ఎవరు కొలిచారు, దేంతో కొలిచారు. చేతులు తమంతట తామే వెనక్కి వెళ్ళి స్టూలుని పట్టుకున్నాయి, అంత తేలిగ్గా ఉందేమిటిది అని ఆశ్చర్యపోయినట్టు గుర్తు. మొదటి దెబ్బ చెవి పక్కన, భుజం మీదికి జారుతూ తగిలింది. డైరెక్టరు పిల్ల మీద నుంచి పక్కకి ఒరిగిపడ్డాడు. సహాయకులిద్దరూ వదిలేసి తలుపు తోసుకుని పారిపోయారు. సందేహం అక్కని వెల్లకిలా తిప్పాడు, విరిగిన పంటితో, కారుతున్న రక్తంతో అక్క నోట్లోకి ఊదుతున్నాడు, ఊదుతూ వాడి రక్తమే అక్క బుగ్గల నిండా పులుముతున్నాడు. అక్కడితో అయిపోవాలి. పని అయిపోయింది, పిల్ల మీద ఇప్పుడు ఎవరి బరువూ లేదు. కానీ ఆమె డైరెక్టరు గల్లా పట్టుకుంది, గుండీలు తెగిపడ్డాయి, వాడు మోచేతి మీద లేవబోతూ రెండో అరచేతిని ఎదురుగా పెట్టాడు, వద్దండీ అన్నాడు, అండీ అన్నాడు, ఆ స్థితిలో కూడా మర్యాద. గల్లా వదిలి, స్టూలు రెండు చేతులా తలపైకెత్తి, ఒళ్ళంతా కూడదీసుకుని వేసింది. ఆ అరచేతిని దాటుకుని నడినెత్తిన దిగింది. చప్పుడు వేరేగా ఉంది, తడిగా ఉంది. ఆ క్షణంలో ఆమెకి డైరెక్టరు కనపడలేదు. చుట్ట చుడుతున్న బెల్టు కనపడింది. ఒళ్ళంతా చల్లగా, తేలిగ్గా, ఎండలో నడిచొచ్చి నీళ్ళు తాగినట్టుగా అయింది. మూడోసారి కూడా ఎత్తేదే. సందేహం తలెత్తి చూశాడు, వాడి కళ్ళు చూసి స్టూలు కింద పెట్టేసింది. వెనకనించి పిల్ల గొంతులో గురక, ఒక దగ్గు, మళ్ళీ గురక.

స్ట్రెచరు చప్పుడు ఎప్పుడో ఆగిపోయింది. మెట్లమీద బూట్ల చప్పుడు. సందేహం దూది తీసి రక్తం మింగి, ఆమె వైపు వంగి, పోలీసాయన వస్తున్నాడు మేడమ్ అన్నాడు. పన్ను లేని సందులోంచి మాట ఈలలా వస్తోంది. "ఒక్కసారే అని చెబుదాం. మీదనించి దించడానికి ఒక్క దెబ్బ. వాళ్ళిద్దరూ అప్పటికే పారిపోయారు, అమ్మ బయటుంది. చూసింది నేనొక్కణ్ణే." వాడి మొహంలో క్లాసులో ఎప్పుడూ చూడని బతిమాలడం. రెండో దెబ్బ చెబితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు, ఆ డైరెక్టరేమో బాధితుడైపోతాడు, రేపు మళ్ళీ కరపత్రం అచ్చేస్తాడు. నిజమే. ఒక్కటే అని చెబితే కథ అందంగా ఉంటుంది, ఎవరు చదివినా చప్పట్లు కొడతారు. సందేహం చేతిమీద చెయ్యి వేసి నొక్కింది, అవునని కాదు, కాదనీ కాదు, వాడికది అవునని వినపడినట్టుంది, వెనక్కి వాలాడు.

పోలీసాయన నడివయసు మనిషి, అలసిపోయినవాడు, పెన్ను రాయక కాగితం మూలన రెండుసార్లు పిచ్చిగీతలు గీసి కూర్చున్నాడు. పైన ఆయనకి పుర్రె చిట్లిందండీ, ప్రాణానికి ఫరవాలేదంటున్నారు, కేసు పెడతానంటున్నాడు అని చెప్పి, మధ్యాహ్నం జరిగిందంతా నిదానంగా అడిగి రాసుకున్నాడు. చాప గురించి, ముంజేయి గురించి, పెదవి రంగు గురించి ఆమె చెప్పింది. ఎన్నిసార్లు కొట్టారు అని అడిగాడు. ఒక్కసారే, అన్నాడు సందేహం, ఆమె నోరు తెరవకముందే. పోలీసాయన వాడివైపు చూడలేదు, ఆమె కోసం ఆగాడు. ఆమె గోటివైపు చూసుకుంది. చెప్పకుండా వదిలేస్తే ఆ రెండో దెబ్బ ఎక్కడికి పోతుంది? లోపలే ఉంటుంది, మళ్ళీ ఎప్పుడో ఎవరి నెత్తినో దిగడానికి, బహుశా ఇంట్లో, బహుశా క్లాసులో, మర్యాదగా, గొంతు పెంచకుండా. నాన్న ఎప్పుడూ ఒక్కటేశాననే చెప్పేవాడు.

"రెండుసార్లు," అంది. "మొదటిది ఆ అమ్మాయి మీదనించి దించడానికి. రెండోది అవసరం లేదు. అప్పటికే పడిపోయాడు, చెయ్యి అడ్డం పెట్టాడు. అయినా కొట్టాను. కొట్టాలనిపించి కొట్టాను."

సందేహం మేడమ్ అని లేచాడు, లేచి ఏం చెయ్యాలో తెలియక గోడమీద అరచేత్తో చరిచాడు. మీరు రాసినదానిమీద ఆవిడ సంతకం చేస్తే వెనక్కి తీసుకోవడం ఉండదు కదా అని పోలీసాయన్ని అడిగాడు, ఆయన ఉండదన్నాడు. వాడు ఆమెవైపు తిరిగాడు, కోపంతో వాడి కళ్ళు ఎర్రబడ్డాయి, ఇన్నేళ్ళలో ఏ విద్యార్థీ తనని అంత ద్వేషంగా చూడలేదని ఆమెకి అనిపించింది, ఆ చూపు దించుకోకుండా భరించింది. కాగితం చదివింది, పై నుంచి కింది దాకా, ఒకచోట అతను రాసిన పొరపాటు దిద్దించింది, సంతకం పెట్టింది. స్టేషన్‌కి రావాలి మేడమ్ అన్నాడాయన, తొందరేం లేదు, ఇక్కడ సంగతి తెలిశాకే వెళ్దాం అన్నాడు. అప్పుడు వరండా చివరినుంచి తల్లి లేచి వచ్చింది. ఎంతసేపటినుంచి వింటోందో ఏమో. ఆమెతోనూ మాట్లాడలేదు, కొడుకుతోనూ మాట్లాడలేదు, పోలీసాయన ముందు నిలబడి, అక్కడికి తీసుకెళ్ళింది నేను, పట్టుకోమని ఒప్పుకుంది నేను, అది అరుస్తుంటే చెవులు మూసుకుంది నేను, నాది కూడా రాయండి అంది. ఆయన పెన్ను మూత పెట్టబోతున్నవాడల్లా మళ్ళీ తీశాడు.

ఒక్క మాట కూడా రాయకముందే లోపల ఏదో పడి పగిలింది. ఇనుప సామాను నేలమీద చెల్లాచెదురైన చప్పుడు, ఎవరో నర్సు అరుపు, ఆ అరుపుని మింగేస్తూ ఆ కేక. వీధి వీధంతా కిటికీలు మూసుకునే కేక, అద్దెకున్న ప్రతి ఇంటినీ ఖాళీ చేయించిన కేక. తల్లి పరుగెత్తింది, ఆవిడ అలా పరుగెత్తగలదని ఎవరూ అనుకోరు, తలుపు తోసుకుని, ఆపబోయిన మనిషిని భుజంతో నెట్టుకుని లోపలికి పోయింది. కొడుకు వెనకే పోయాడు. తలుపు ఊగి ఊగి ఆగింది. ఆమె లేచి నిలబడింది కానీ లోపలికి వెళ్ళే హక్కు తనకుందో లేదో తెలియలేదు. పోలీసాయన కూడా నిలబడ్డాడు, ఇద్దరూ ఆ పాలరంగు అద్దాన్నే చూస్తూ నిలబడ్డారు, దాని వెనక నీడలు కలబడుతున్నాయి, విడిపోతున్నాయి. ఒక దెబ్బ వినిపించింది, చెంప మీద పడ్డ పచ్చి దెబ్బ.

తలుపు తెరుచుకుంది. తల్లి బయటికొచ్చింది. జుట్టు ఊడిపోయి ఉంది, ఎడమ చెంప మీద నాలుగు వేళ్ళూ అచ్చుగుద్దినట్టు తేలాయి, ముక్కులోంచి రక్తం పెదవి మీదికి కారుతోంది, తుడుచుకోవడం లేదు. నేరుగా ఆమె దగ్గరికి వచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, నిలబడలేక అలాగే కుర్చీలో కూలబడింది, ఆమెని కూడా పక్కన కూలేస్తూ.

"కొట్టింది మేడమ్," అంది. "నన్ను చూడగానే గుర్తుపట్టి కొట్టింది. గట్టిగానే కొట్టింది."